కనబడని పేర్లు

2005లో గుడివాడలోని మా ఇంటి కంప్యూటరులో విండోస్ ఎక్స్‌పీకి తోడుగా లినక్స్‌ను కూడా స్థాపించుకున్నాను. ఒకే హార్డు డిస్కు, రెండు కాపురాలు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి మా తాతగారు చెప్పగా టైపు చేసుకున్న జ్ఞాపకాలు విండోస్ విభాగంలో ఉండేవి. లినక్స్ నుండి ఆ ఫోల్డరు తెరిచాను. ఇంగ్లీషు పేర్లున్న ఫైళ్ళన్నీ ఉన్నాయి. "దివిసీమ ఉప్పెన" ఒక్కటే లేదు. తాతగారు అప్పటికే లేరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలు కథ 1993లో మొదలయింది. విండోస్ ఎన్‌టీతో పాటు ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైళ్ళ అమరిక ఆ ఏడాదే వచ్చింది. లినక్స్ కోసం రెమీ కార్డ్ రూపొందించిన ఈఎక్స్‌టీ2 కూడా ఆ ఏడాదిదే. ఒకదాని లెక్కలు మరొకదానికి తెలియవు. అందువల్ల చాలామంది ఇద్దరికీ తెలిసిన ఫ్యాట్32తో మధ్యన ఒక విభాగం ఉంచుకునేవారు. బందరు దారి, భీమవరం దారి కలిసే మా గుడివాడ జంక్షను వంటిదది. అయితే అందులో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు.

పేర్ల సంగతి ఇంకా సూక్ష్మమైనది. ఎన్‌టీఎఫ్‌ఎస్ పేర్లను యూటీఎఫ్-16లో దాస్తుంది. నేటి లినక్స్ వాడుక యూటీఎఫ్-8. "గుడివాడ" అన్న మాటలో యూనికోడు లెక్కన 7 సంకేతాలు. మొదటి పద్ధతిలో 14 బైట్లు, రెండవదానిలో 21. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఒక పేరుకు 255 సంకేతాల చోటుంటే, ఈఎక్స్‌టీ2లో ఉన్నది 255 బైట్లే, అంటే తెలుగుకు 85 సంకేతాలు. అక్కడ ఇమిడిన పొడవాటి తెలుగు పేరు ఇక్కడ ఇమడకపోవచ్చు.

విండోస్ విభాగాన్ని లినక్స్‌లో తగిలించేటప్పుడు పేర్లను ఏ లిపి పట్టికలోకి మార్చాలో చెప్పాలి. నేను చెప్పలేదు. నా యంత్రం పశ్చిమ ఐరోపా అక్షరాల పట్టికను పట్టుకుంది. అందులో తెలుగుకు చోటు లేదు. ఇటువంటప్పుడు ఫ్యాట్ విభాగమైతే ప్రశ్నార్థకాలైనా చూపేది. నాటి ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవరు మార్చలేని పేరును జాబితాలోనే చూపేది కాదు. మర్నాడు ఎన్‌ఎల్‌ఎస్ అనే చోట యూటీఎఫ్-8 అని వ్రాసి మళ్ళీ తగిలించగానే ఉప్పెన ఫైలు చెక్కుచెదరకుండా ప్రత్యక్షమయింది.

చదవడం కుదిరినా, వ్రాయడానికి భయపడే రోజులవి. 2007 ఫిబ్రవరిలో ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ స్థిరమైన రూపం వచ్చాక ఆ భయం తగ్గింది. 2021లో లినక్స్ 5.15 కెర్నెలులోనే వ్రాయగల కొత్త డ్రైవరు చేరింది. అయినా ఒక జాగ్రత్త నేటికీ అవసరమే. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల, ఆపివేసినట్లు కనిపించిన విండోస్ నిజానికి సగం నిద్రలోనే ఉంటుంది. ఆ స్థితిలో దాని విభాగంలో వ్రాయడం ప్రమాదం. ముందుగా ఆ సదుపాయాన్ని తీసివేయాలి.

ఇంగ్లీషు పేర్లే పెట్టుకున్నవారికి ఈ గండం ఎదురే కాలేదు. ఫైలుకు తెలుగు పేరు పెట్టినందుకే నాకు తెలిసివచ్చింది. ఆ రాత్రి భయంతో విభాగాన్ని చెరిపి మళ్ళీ కట్టి ఉంటే, తాతగారి ఉప్పెనను నా చేతులతో నేనే ముంచేసి ఉండేవాడిని. కనబడనిదల్లా పోయినట్లు కాదు. చెరిపే ముందు, చూసే పద్ధతి సరిగా ఉన్నదో లేదో చూసుకోవాలి.