పేరు నిలిపిన ఓడ

తాతగారి పేరు మనవడికి పెట్టుకోవడం మనందరి ఇళ్ళలో ఉన్నదే కదా! నౌకాదళంలోనూ ఆ ఆచారం ఉందండీ.

1971 యుద్ధంలో, డిసెంబరు 9 రాత్రి, డయ్యూ దగ్గర సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి 'హంగోర్' మన 'ఖుక్రి' నౌకను ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడిచి రాలేదు; దానితోపాటే మునిగిపోయారు. ఎందరి పసుపుకుంకాలు ఆ రాత్రి నీళ్ళపాలయ్యాయో!

అచ్చిరాని పేరని మనమైతే జంకుతామేమో. నౌకాదళం జంకలేదు. బొంబాయి మజగాన్ డాక్‌లో కట్టి, 1989 ఆగస్టు 23న దళంలో చేర్చుకున్న కొత్త యుద్ధనౌకకు మళ్ళీ 'ఖుక్రి' అనే పేరు పెట్టింది. అది 32 ఏళ్ళు కొలువు చేసింది. 2021 డిసెంబరు 23న మన విశాఖపట్నంలోనే దాని జెండా దించారు. ఆ తరువాత 2022లో, స్మారకంగా ఉంచడానికి డయ్యూ వారికే అప్పగించారు. మొదటి ఖుక్రి మునిగిన తీరానికే రెండో ఖుక్రి చేరిందన్నమాట.

మన మల్కాపురం నేవీ క్వార్టర్లలో ఇల్లాళ్ళు "మీ వారిది ఏ షిప్పండీ?" అని పలకరించుకుంటారు. భర్త తిరిగిరాని ఇల్లాలు కూడా ఆ ప్రశ్నకు తలెత్తుకుని జవాబు చెప్పాలంటే, ఆ పేరు నిలిచి ఉండాలి కదమ్మా!