రాస్ దీవి చర్చి

విశాఖపట్టణమున ఓడ ఎక్కి అండమానులకు పోవు తెలుగు యాత్రికుడు ముఖ్యముగా సెల్యులార్ జైలును చూడగోరును. మనము చిరకాలము పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఆ నగరమునకు 2024లో శ్రీ విజయపురమని పేరు పెట్టినారు. దాని ఎదుట సముద్రములో నున్న చిన్న రాస్ దీవి 2018లో నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపమైనది. అచ్చటి శిథిలమైన చర్చిని చూడక జైలును మాత్రమే చూచి వచ్చినవారికి కథలో సగమే తెలియునని నా అభిప్రాయము.

1858 మార్చిలో డాక్టర్ జె. పి. వాకర్ 200 మంది ఖైదీలతో ఇచ్చటికి వచ్చినాడు. 1857 తిరుగుబాటులో శిక్షపడినవారు వారిలో ఉండిరి. మొదట దిగిన చాథం దీవిలో మంచినీరు చాలక రాస్ దీవికి మారినారు. అడవి కొట్టినదీ, రాళ్లు మోసినదీ ఖైదీలే. క్రమముగా చీఫ్ కమిషనరు భవనము, నాట్యశాల, రొట్టెల బట్టీ, దొరల శ్మశానము, మిట్టమీద రాతి చర్చి వెలసినవి. చర్చి కిటికీలకు బర్మా టేకు చట్రములు. బలిపీఠము వెనుకటి రంగుటద్దములు ఇటలీ నుండి వచ్చినవని చెప్పుదురు. సంకెళ్లు వేసిన చేతులతో కరుణామయునికి మందిరము కట్టించుటలోని వైరుధ్యము ఆ పాలకులకు తోచెనో లేదో!

జైలు 1896-1906 నడుమ కట్టినది. నడిమి గోపురము నుండి ఏడు బారులు చక్రపు ఆకుల వలె సాగినవి. ఒక బారులోని గదులు ఎదుటి బారు వీపునే చూచుచుండును. ఖైదీకి తోటి ఖైదీ ముఖము కనబడదు. పదిమందిని ఒకచోట చేర్చుటకు చర్చిని కట్టిన ప్రభుత్వమే దీనినీ కట్టినది.

1941 జూన్ 26 నాటి భూకంపము రాస్ దీవిని దెబ్బతీసినది. మరుసటి మార్చిలో జపాను సేన దిగినది. తరువాత అధికార కేంద్రము మరల అచ్చటికి పోలేదు. నేడు చర్చికి కప్పు లేదు. మర్రి జాతి చెట్ల వేళ్లు గోడలను చుట్టుకొని రాళ్ల సందులలో దిగినవి. గోడను చీల్చినవి అవే, పడకుండ పట్టినవీ అవే. నరికిన గోడ కూలును; విడిచిన ఇంకను చీలును. చుక్కల జింకలు మాత్రము నిశ్చింతగా మేయుచుండును.

జైలు బారులలో మిగిలినవి మూడు; 1979లో అది జాతీయ స్మారకమైనది. దాని గోపురములో రాజకీయ ఖైదీల పేర్లు పాలరాతిపై చెక్కినారు. జైలు పుట్టకమునుపే రాస్ దీవిపై అడవి కొట్టినవారు ఆ పట్టికలలోనికి రారు.