జాబితాలో మేమెక్కడ?

అమీర్‌పేట - సగం ఉర్దూ, సగం తెలుగు. పంజాగుట్ట - అదీ అంతే. 'మీరు ఎక్కణ్నించి వచ్చారు?' అని మమ్మల్ని అడిగేవాళ్ళు కూడా రోజూ ఈ పేర్లు పలుకుతూనే బస్సు దిగుతారు. పేటల పేర్లలో ఇంతగా కలిసిపోయిన మేము ఓటర్ల జాబితాలోకి వచ్చేసరికి ఎందుకు జారిపోతున్నాం? జవాబు కావాలంటే ఓ కొత్త చరిత్రని మా గడప మీద నించుని చూడాలి. రాజకీయ కార్యకర్తల్ని కంప్యూటర్‌తో, ఫోన్‌తో కూడగట్టిన చరిత్ర అది. దాని దారి ఈ రెండు పేటల మీదుగానే సాగింది.

ఒకప్పుడు కార్యకర్తకి ఓ ముఖం ఉండేది, ఓ వీధి ఉండేది. 1982లో తెలుగుదేశం పుట్టినప్పుడు ఎన్టీఆర్ అభిమాన సంఘాలే దాని సైన్యం. కమ్యూనిస్టులకి యూనియన్లు, కాంగ్రెస్‌కి ఊరిపెద్దలు, మజ్లిస్‌కి మొహల్లాలు. గోడమీద రాసేవాడు ఎవరి కొడుకో, జెండా కట్టేవాడు ఎవరి తమ్ముడో అందరికీ తెలుసు. అందులో మేమూ ఉన్నాం. జెండాలు మోశాం, ఊరేగింపుల్లో నడిచాం. టిక్కెట్లు పంచే గదిలోకి మాత్రం మమ్మల్ని పిలిచింది తక్కువ.

1990ల్లో అమీర్‌పేట రూపం మారింది. మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ శిక్షణ సంస్థలు మొలిచాయి. 1998లో హైటెక్ సిటీ వచ్చింది. జిల్లాల నించి పిల్లలు హాస్టళ్ళలో దిగారు. వాళ్ళలో కర్నూలు, గుంటూరు, నల్లగొండల నించి వచ్చిన మా పిల్లలూ ఉన్నారు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కోచింగ్‌లో ఇంగ్లీషు - మూడు నాలుకలతో బతకడం మాకు కొత్తకాదు.

పక్కనే పంజాగుట్టలో, ద్వారకాపురి కాలనీలో, మరో రకం బడి నడిచింది. జయప్రకాశ్ నారాయణ్ 1996లో మొదలుపెట్టిన లోక్‌సత్తా ఉద్యమం అక్కణ్నించి పనిచేసింది. 2006 అక్టోబరు 2న అదే పార్టీ అయింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, విదేశాల్లోని తెలుగువాళ్ళు ఇంటర్నెట్ ద్వారా దగ్గరయ్యారు. సారా లేదు, బిర్యానీ పొట్లం లేదు, కులపెద్ద సిఫారసు లేదు. 2009లో ఆ పార్టీ గెలిచింది కూకట్‌పల్లి ఒక్కటే, అదీ జయప్రకాశ్ నారాయణే. అయినా చదువుకున్న యువకుడు డబ్బు తీసుకోకుండా ప్రచారానికి వస్తాడని అది రుజువు చేసింది. దాన్ని మేము తక్కువ చెయ్యం. కానీ అక్కడ ప్రతివాడూ కేవలం 'పౌరుడు'. ఇల్లు అద్దెకి దొరకని పౌరుడికీ, అడగ్గానే దొరికే పౌరుడికీ తేడా ఆ మాటలో కనిపించదు.

తరవాత ఫోన్ వచ్చింది. 2014 నవంబరులో బి.జె.పి. మిస్డ్‌కాల్ సభ్యత్వం మొదలుపెట్టింది. 2015కల్లా సభ్యులు పదికోట్లు దాటారని ప్రకటించుకుంది. కార్యకర్త ఒక నెంబరయ్యాడు. 2019 మార్చిలో తెలుగుదేశం వాడిన 'సేవామిత్ర' యాప్ మీద పోలీసు కేసు వచ్చింది. దాన్ని తయారుచేసిన కంపెనీ మాదాపూర్‌లో ఉంది. ఓటర్ల వివరాలు అక్రమంగా చేరాయన్నది ఆరోపణ, కాదన్నది పార్టీ వాదన. ఎవరిది నిజమైనా మాకు తెలిసిందొకటి: బూత్ కార్యకర్త చేతిలో ఇంటింటి జాబితా ఉంటే, అందులో మా పేరే మా మతం చెప్పేస్తుంది. ఎవరి తలుపు తట్టాలో, ఎవరిది దాటిపోవాలో ఎంచుకోవడానికి అది చాలు.

ఇక్కడే మా కథ మలుపు తిరిగింది. సచార్ కమిటీకి సభ్య కార్యదర్శిగా పనిచేసిన అబూసాలే షరీఫ్, కర్ణాటక జాబితాల్లో లక్షలమంది ముస్లిం వయోజనుల పేర్లు లేవని లెక్క తేల్చారు. అది చూసి హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ మనిషి ఖాలిద్ సైఫుల్లా, 2018 మేలో జరిగిన కర్ణాటక ఎన్నికల ముందు, తప్పిపోయిన ఓటర్లని వెదికే యాప్ తయారుచేశారు. కిటుకు చిన్నదే. ఒక ఇంటి నెంబరు మీద ఒకే ఓటరు ఉంటే అనుమానించు. ఆ వీధికి వెళ్ళు, తలుపు తట్టు, ఇంట్లో ఎందరున్నారో అడుగు, పేరు లేనివాళ్ళకి ఫారం-6 నింపు. ఊరూ పేరూ తెలియనివాళ్ళు యాప్‌లో నమోదై కార్యకర్తలయ్యారు. ఓటు ఎవరికెయ్యాలో చెప్పడం వాళ్ళ పనికాదు. ఓటు ఉండేట్టు చూడడమే పని.

అదే ఏడాది డిసెంబరు 7న తెలంగాణ ఓటేసింది. బూత్ దాకా వెళ్ళి పేరు లేక వెనక్కి తిరిగినవాళ్ళు అన్ని మతాల్లోనూ ఉన్నారు. బాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరు కూడా లేదు. ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఆ ఓటు తిరిగిరాలేదు.

మా పేర్లు జారిపోయే దారులు మాకు తెలుసు. మహమ్మద్, మొహమ్మద్, ఎం.డి. - ఒకే మనిషి మూడు కాయితాల్లో మూడు రకాలుగా ఉంటాడు. పోల్చిచూసే యంత్రానికి వాళ్ళు ముగ్గురు. పెళ్ళయి అత్తగారింటికొచ్చిన ఫాతిమాబీ పేరు పుట్టింటి జాబితాలో పోతుంది, ఇక్కడ ఎక్కదు. దూదేకుల ఇంటిపేరు ఏ గడిలో వెయ్యాలో రాసేవాడికే తెలీదు. అన్నిటికన్నా పెద్దది అద్దె. 'మీవాళ్ళకి ఇవ్వం' అన్నప్పుడల్లా మా చిరునామా మారుతుంది. చిరునామా మారినప్పుడల్లా ఓటు గాలిలో దీపమే. కుట్రే అక్కర్లేదు. ఇంటి ఓనరు వివక్ష, గుమాస్తా అలసట, యంత్రం మొండితనం - మూడూ కలిస్తే చాలు.

2025లో బీహార్ జాబితా సవరించినప్పుడు ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. తీసేసిన పేర్లు, కారణాలు బయటపెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఇది ముస్లింల గొడవేనని ఎవరన్నా అనుకుంటే ఆ జాబితా చూడాలి. పొట్టచేతబట్టుకుని వలసపోయిన ప్రతివాడి గొడవ ఇది.

అందుకే మా యువకులకి ఒకమాట. ఏ పార్టీ వాట్సాప్ గ్రూపులో చేరతారో మీ ఇష్టం. 'మైనారిటీ సెల్' అని ఓ మూల కూచోబెడితే మాత్రం ఒప్పుకోవద్దు. అమీర్‌పేటలో నేర్చిన విద్యతో ముందు మన వీధి జాబితా తెరవండి. ఒంటరి పేరున్న ఇంటి తలుపు తట్టండి. అది హుసేన్‌ది కావచ్చు, ఎల్లయ్యది కావచ్చు. లౌకికవాద మిత్రులకీ అదే మాట: మా పక్కన నిలబడతామని సభల్లో అంటుంటారు. ఈసారి ఫారం-6 పట్టుకుని మాతోపాటు మెట్లెక్కండి.