ఖాలా ఎందుకు నౌకరీ మానేసింది?

మా ఖాలా షాదీకి ముందు మొహల్లాలోనే ఓ చిన్న ప్రైవేటు స్కూల్లో ఉస్తానీ. ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది, మళ్లీ వెళ్లలేదు. ఆ స్కూలు మాలిక్ పేరెత్తితే లేచి వంటింట్లోకి పోయేది. నానా అడగలేదు, నానీ ఎవర్నీ అడగనివ్వలేదు. ఇజ్జత్ కా సవాల్ అన్నారు. రెండు నెలల తన్ఖా అక్కడే ఉండిపోయింది.

ఉస్తానీల మీద జుల్మ్ కొత్తదేం కాదు. 1848లో పుణెలో ఆడపిల్లలకు చదువు చెప్పడానికి బయల్దేరిన సావిత్రీబాయి ఫూలే మీద దారిలో పేడ, బురద విసిరేవారు. ఇంకో చీర వెంట పట్టుకెళ్లేదట. 1856లో జబ్బుచేసి పుట్టింట్లో ఉన్నప్పుడు ఆమె జోతీబాకు ఖత్ రాసింది. తాను లేక ఫాతిమాకు తక్లీఫ్ అవుతుందని, అయినా ఫాతిమా సణగదని అందులో ఉంది. అది పనిభారం గురించిన మాట. మనవాళ్లు మాత్రం ఆడవాళ్ల ఖామోషీని ప్రతిదానికీ తారీఫ్ చేశారు.

ఈ ఖామోషీని తెంచిన కానూన్ రాజస్థాన్‌లోని భటేరీ గ్రామం నుంచి మొదలైంది. భన్వరీ దేవి సర్కారు పథకంలో 'సాథిన్'గా పనిచేసేది. ఓ పసిపిల్ల పెళ్లి ఆపబోయినందుకు 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది అదాలత్ ముల్జిములను ఆ నేరం నుంచి బరీ చేసింది. ఆడవాళ్ల సంస్థలు ఆ తీర్పు దాకా ఆగలేదు. ఔరత్ నౌకరీ చేస్తున్నప్పుడు ఆమె హిఫాజత్ ఎవరి జిమ్మేదారీ అంటూ అంతకుముందే సుప్రీంకోర్టుకెళ్లాయి. 1997 ఆగస్టు 13న విశాఖ ఫైసలా వచ్చింది: జిమ్మేదారీ పని ఇచ్చినవాడిదే. దాన్ని పార్లమెంటు చట్టం చేయడానికి 2013 దాకా పట్టింది. పదహారేళ్లు!

ఆ చట్టంలో స్కూళ్లూ ఉన్నాయి. టీచరే కాదు, ఆయా, కాంట్రాక్టు మీద ఊడ్చే అమ్మ, తన్ఖా లేకుండా చదువు చెప్పే ఆపా, అందరికీ హక్ ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట మాలిక్ కమిటీ వేయాలి. దానికి సద్ర్‌గా ఔరత్ ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం ఔరతులే, ఒకరు బయటివాళ్లు. వేయకపోతే 50,000 వరకు జుర్మానా. మన గల్లీ స్కూళ్లలో చాలావాటిలో పదిమంది ఉండరు, పైగా ఫిర్యాద్ మాలిక్ మీదే కావచ్చు. అప్పుడు జిల్లాలో ఉండే లోకల్ కమిటీకి రాసివ్వాలి, మూడు నెలల్లోపు. ఆమె పేరు బయటపెట్టకూడదు.

ఇంకో మాట, పెద్దమనుషుల కోసం. సులహ్ ఆమె కోరితేనే. పైసలిచ్చి చేసే సులహ్ ఈ చట్టంలో చెల్లదు.

మొన్న జూన్‌లో మా చెల్లి కూతురు టీచర్‌గా చేరింది. ఖాలా తన్ఖా ఎంతని అడిగింది, తర్వాత గోడ మీద కమిటీ పేర్లున్నాయా అని అడిగింది. పిల్ల చూడలేదంది.

"సోమవారం చూసి చెప్పు బేటీ" అంది ఖాలా.