ల్యారీ: కరాచీలో ముఠాల పోరు

కరాచీ రేవుకు దగ్గర్లోని ల్యారీ నగరంలోని పాత పేటల్లో ఒకటి. ఇక్కడ బలోచ్ కార్మిక కుటుంబాలు ఎక్కువ. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన బాక్సర్ హుస్సేన్ షా ఈ గల్లీల్లోనే పెరిగాడు.

మాదకద్రవ్యాల వ్యాపారం, బలవంతపు వసూళ్లపై పట్టు కోసం 2000 తర్వాత రెహ్మాన్ డకైత్, అర్షద్ పప్పు ముఠాలు తలపడ్డాయి. సామాన్యులకు పక్క వీధిలోకి వెళ్లడమే ప్రమాదమైంది. 2008లో ఏర్పడ్డ పీపుల్స్ అమన్ కమిటీ ఒకపక్క పేదలకు సాయం చేస్తూ, మరోపక్క వసూళ్లు సాగించింది. 2009లో రెహ్మాన్ పోలీసు ఎన్‌కౌంటర్‌లో చనిపోయాక ఉజైర్ బలోచ్ నాయకుడయ్యాడు. 2012లో పోలీసులు వారం రోజులు ప్రయత్నించి వెనుదిరిగారు. 2013లో రేంజర్లు దిగాకే ముఠాలు బలహీనపడ్డాయి.

పీపుల్స్ పార్టీకి ల్యారీ దశాబ్దాలుగా కంచుకోట. ముఠాలను ఆ పార్టీయే పెంచిపోషించిందన్న ఆరోపణలున్నాయి. తాగునీటికీ కటకటలాడిన ఇదే ల్యారీలో 2018 ఎన్నికల్లో బిలావల్ భుట్టో ఓడిపోయారు.