కొండల పేర్లు చెప్పిన చరిత్ర

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అని మనం బడిలో చదువుకున్నాం. అక్షరం ముక్క రాని సామాన్యులు కూడా తమకు తెలిసిన చరిత్రను ఊళ్ల పేర్లలో, కొండల పేర్లలో దాచిపెట్టారు. ఇటీవల మా సంఘ సభ్యులం ఇరవై ఇద్దరం విశాఖపట్నం చుట్టుపక్కల బౌద్ధ క్షేత్రాలు చూడబోయినప్పుడు నాకు ఈ సంగతి బాగా తెలిసివచ్చింది. చూసినవి బౌద్ధ విహారాలు కనుక ఇది అచ్చమైన విహారయాత్రే!

ఉదయం ఆరింటికి బస్సులో బయలుదేరి, ముందుగా అనకాపల్లి దగ్గరి శంకరం చేరాం. పేరు విని శివాలయం ఎక్కడని అడిగారొక మిత్రులు. నిజానికి ఆ పేరు సంఘారామం. అంటే బౌద్ధ భిక్షువులు కలిసి నివసించే చోటు. భిక్షువులు వెళ్లిపోయినా ఆ మాట జనం నోళ్లలో నలిగి శంకరంగా మిగిలింది. 1907-08లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపారు. సముద్రగుప్తుని బంగారు నాణెం ఈ తవ్వకాల్లోనే బయటపడింది. సుమారు క్రీ.శ. 4 నుంచి 9వ శతాబ్దం వరకు ఇక్కడ బౌద్ధం వెలిగింది.

ఇక్కడ ఉన్నవి రెండు కొండలు. బొజ్జన్నకొండ మెట్లెక్కేటప్పుడు కొందరి మోకాళ్లు మొరాయించాయి గానీ, గుహలో స్తంభాల నడుమ రాతిలోనే మలిచిన స్తూపం చూడగానే ఆయాసం మరిచాం. పక్కనే లింగాలకొండ. కొండరాతిలో వరుసలుగా చెక్కిన చిన్న చిన్న మొక్కుబడి స్తూపాలు దూరానికి శివలింగాల్లాగే కనిపిస్తాయి. మాతో వచ్చిన ఒక పెద్దావిడ చేతులు జోడించారు. “అవి లింగాలు కావండీ, స్తూపాలు” అన్నాను. “ఏదైతేనేం బాబూ, పెట్టిన దణ్ణం ఎక్కడికీ పోదు” అన్నారావిడ. ఆ కొండకు పేరు పెట్టిన వారూ ఇలాగే అనుకుని ఉంటారు.

పేరు మిగిలి అర్థం పోతే ఏమవుతుందో కూడా ఇక్కడే విన్నాం. బొజ్జన్నకొండ అంటే బుద్ధుని కొండ అని చెబుతారు. అటువంటి చోట కనుమ పండుగనాడు, బొజ్జలా కనిపించే ఒక ఆకారాన్ని రాక్షసుడిగా భావించి రాళ్లు విసిరే ఆచారం చాలాకాలం సాగింది. తెలిసినవారు నచ్చజెప్పగా అది ఆగింది. ఈ మాట విన్నాక మా బృందంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

పులిహోర, పెరుగన్నం పొట్లాలు విప్పాక మళ్లీ కబుర్లు మొదలయ్యాయి. భోజనాలు కానిచ్చి నగరం దాటి భీమిలి దారి పట్టాం. బావికొండ మీద వాననీటిని నిలవ చేసేందుకు తవ్విన బావులున్నాయి. కొండకు ఆ పేరు వాటివల్లే వచ్చింది. 1982-87 మధ్య తవ్వకాల్లో ఇక్కడ మహాస్తూపం, విహారాలు, ధాతుపేటిక వెలుగు చూశాయి.

సాయంత్రం చేరిన తొట్లకొండ సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉంది. ఈ పేరు బండరాతిలో తొలిచిన నీటి తొట్లవల్ల వచ్చింది. 1976లో నౌకాదళ స్థావరం కోసం సర్వే చేస్తుండగా ఈ క్షేత్రం కంటబడింది. 1988-93లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. స్తూపాలు, భిక్షువుల గదులు, భోజనశాల, శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. కింద కనిపించే ఈ సముద్రం మీదుగా వర్తకం సాగిన రోజులవి. ఎండిపోయే కొండమీద వందలాది ఏళ్లు నివాసం సాగిందంటే వాననీటిని ఎంత జాగ్రత్తగా పట్టుకున్నారో ఆలోచించండి. “జీతం లేదు, పెన్షన్ లేదు, నీళ్ల కరువూ లేదు!” అని మా కోశాధికారిగారు అనేసరికి అందరూ నవ్వారు.

పండితులు ఈ కొండలకు రాకముందే బావులు, తొట్లు, సంఘారామం అనే మాటలు ఊరివారి నోట ఉన్నాయి. నేడు మన ఊళ్లలో చెరువుల, దిబ్బల, పొలాల పాత పేర్లు కొత్త కాలనీల పేర్ల కింద కనుమరుగవుతున్నాయి. అవి తెలిసినవారిలో చివరి తరం బహుశా మనదే. సభ్యులు తమ ఊరి పాత పేర్లను, వాటి వెనుక విన్న కథలతో సహా ఒక కాగితం మీద రాసి ఇంట్లో పిల్లలకు ఇవ్వాలని, ఒక ప్రతి సంఘ కార్యాలయానికి పంపాలని నా మనవి. ఈ యాత్ర చేయదలచినవారు మంచినీళ్లు, గొడుగు, అలవాటైతే చేతికర్ర మరువకండి. బొజ్జన్నకొండను మాత్రం ఎండెక్కకముందే ఎక్కండి.