దీపం దిక్కు – ఒక జమాఖర్చు

నేను శాస్త్రవేత్తను కాను. రక్షణ శాఖలో లెక్కలు చూసి రిటైరైన కామర్స్ పట్టభద్రుణ్ణి. ఇప్పుడు సూరత్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను.

ఇక్కడి లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల పనికోసం తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో, ఒక వాస్తు పండితుడు మెట్ల దగ్గరి లైటు దోషమని తీయించాడు. ఈశాన్యంలో మాత్రం 60 వాట్ల బల్బు రాత్రంతా వెలగాలన్నాడు. నెల తిరక్కుండా ఆ ఇంటి పెద్దావిడ, నాకు పిన్ని వరస, చీకట్లో మెట్టు కనపడక పడి తుంటి విరగ్గొట్టుకుంది. అందరూ గ్రహచారం అన్నారు. పండితుణ్ణి మాత్రం ఎవరూ అడగలేదు!

ఆయన చూపించే శిల్పశాస్త్రాలు రాసేనాటికి ఇంట్లో వెలుగంటే నూనె దీపమే. కిరోసిన్ 19వ శతాబ్దంలో వచ్చింది. ఇంగ్లండులో స్వాన్, అమెరికాలో ఎడిసన్ 1879లో బల్బు వెలిగించి చూపారు. బెంగళూరు వీధుల్లో విద్యుత్ దీపాలు 1905లో వెలిగాయి. మరి బల్బు ఏ మూల ఉండాలో ఆ గ్రంథాలకు ఎలా తెలిసింది?

బల్బులు తరచూ మాడిపోతే ఇంటికి కీడని మరికొందరంటారు. 1924లో పెద్ద బల్బు కంపెనీలు జెనీవాలో కూటమి కట్టి, బల్బు ఆయుష్షు వెయ్యి గంటలు దాటకూడదని ఒప్పందం చేసుకున్నాయి. అంటే బల్బు జాతకం రాసింది గ్రహాలు కాదు, వ్యాపారులు!

ఇక ఖర్చు చూద్దాం. ఈశాన్యపు బల్బు రాత్రికి 10 గంటల చొప్పున ఏడాదికి 219 యూనిట్లు తింటుంది. దాదాపు అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి.కి 33 యూనిట్లు చాలు. దీన్ని సాధ్యం చేసిన నీలి ఎల్.ఇ.డి.కి ముగ్గురు శాస్త్రవేత్తలు 2014లో నోబెల్ అందుకున్నారు. వాళ్ళు పంచాంగం చూడలేదు.

దీపం ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పనిచేసే చోట నిలబడి మన నీడ ఎటు పడుతోందో చూసుకుంటే చాలు. చేతుల మీద పడితే లైటు జరపాలి. మెట్లు, స్నానాల గది, వంటగట్టు ముందు చూడాలి.

ఆ మెట్ల దగ్గర మళ్ళీ లైటు పెట్టించాం. పైన ఒక స్విచ్, కింద ఒక స్విచ్. పిన్ని ఇంకా కర్ర పట్టుకునే నడుస్తోంది.